బిల్లీ టిప్టన్ గురించి రాయాలి: ‘వాయించాడు’ అనాలా, ‘వాయించింది’ అనాలా?

స్వరలిపి
మేం కొందరం సంగీత మిత్రులం కలిసి ఏడాదికోసారి ఒక చిన్న సంచిక వేసుకుంటాం. ఈసారి జాజ్ మీద. తలా ఒక పేరు పంచుకుంటే నా వంతుకి బిల్లీ టిప్టన్ పేరు వచ్చింది. నాలుగు రోజులైంది, మొదటి పేరా దాటలేకపోతున్నాను.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. పుట్టింది 1914 డిసెంబర్ 29న, అమెరికాలోని ఓక్లహోమా సిటీలో. పెరిగింది కాన్సాస్ సిటీలో, మేనత్త దగ్గర. వాయించినవి పియానో, శాక్సోఫోన్. మగవాళ్ళ బట్టలు వేసుకుని బ్యాండ్లలో చేరడం 1930ల మొదట్లో. 1940 నాటికి ఇంటా బయటా మగవాడిగానే బతుకు. సొంత బ్యాండ్ ‘బిల్లీ టిప్టన్ ట్రయో’ (ముగ్గురి బృందం) యాభైలలో. 1957లో టాప్స్ కంపెనీకి రెండు రికార్డులు. ఆ తర్వాత వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్‌లో స్థిరనివాసం. ముగ్గురు దత్తపుత్రులు. 1989 జనవరి 21న మరణం. ఇంటికొచ్చిన అంబులెన్స్ వాళ్ళు బతికించడానికి చొక్కా విప్పారు. పుట్టుకతో ఆడ శరీరమని పక్కనే ఉన్న కొడుక్కి తెలిసింది ఆ నిమిషంలోనే.

పై పేరా మళ్ళీ ఒకసారి చూడండి. టిప్టన్‌ని కర్తగా పెట్టి ఒక్క క్రియ కూడా రాయలేదు. ‘పుట్టింది ఫలానా చోట’ అని తప్పించుకుంటూ వచ్చాను. పది పేజీలు ఇలా రాయలేను కదా. ఇంగ్లీషులో సర్వనామం పక్కన పెట్టి పేరుతో నెట్టుకు రావచ్చు. మనకి ప్రతి క్రియ చివరా తేలిపోతుంది. ఏం చేయమంటారు?

రేడియో_మూర్తి
దీనికి ఇంత ఆలోచన ఎందుకండీ. ‘వాయించారు’, ‘వెళ్ళారు’, ‘మరణించారు’. గౌరవానికి గౌరవం, ఆడామగా గొడవ ఉండదు. మన భాష ఇచ్చిన వరం ఆ ‘రు’.

ఓరుగల్లు_వినయ్
మూర్తి గారూ, అదే వ్యాసంలో ఆ కాలపు జాజ్ వాద్యకారులు బెన్నీ గుడ్‌మన్ ‘వాయించాడు’, టెడ్డీ విల్సన్ ‘వాయించాడు’ అని ఉండి, టిప్టన్ దగ్గరికి రాగానే ‘వాయించారు’ అయితే చదివేటోనికి అక్కడే అనుమానం పుడుతది. అందరికీ చొక్కా తొడిగి ఈ ఒక్క మనిషికి శాలువా కప్పినట్టు ఉంటది.

రేడియో_మూర్తి
అయితే అందరికీ ‘రు’ పెట్టండి. బెన్నీ గుడ్‌మన్‌కి పెడితే తప్పేముంది? పెద్దాయనే కదా.

ఓరుగల్లు_వినయ్
పెడితే తప్పు లేదు. అప్పుడు కూడా ‘ఆయన’ అంటారా, ‘ఆమె’ అంటారా? ప్రశ్న అట్లనే ఉంది.

బాబాయ్_బ్లూస్
నాకైతే ఇందులో పజిల్ ఏమీ కనిపించడం లేదు. ముప్పైలలో అమెరికా మాంద్యంలో ఉంది. డాన్సు హాళ్ళ బ్యాండ్లలో ఆడవాళ్ళకి పాడటానికి అయితే చోటు, వాయించడానికి చోటు లేదు. పొట్టకూటి కోసం వేసిన వేషం అది. అలవాటైపోయింది, విప్పే దారి లేక అలాగే ఉండిపోయింది. ‘వాయించింది’ అని రాసి ఒక ప్రతిభగల స్త్రీకి ఆమె పేరు ఆమెకి ఇవ్వండి.

కమల_శాన్‌హొసే
బాబాయ్ గారూ, ఈ మాట టిప్టన్ చనిపోయిన వారం నుంచీ అందరూ చెబుతున్నదే. దీని మీద నాకు చాలా రోజులుగా అసంతృప్తి ఉంది, కాస్త పొడుగ్గా రాస్తాను.

మొదటి సంగతి. కాన్సాస్ సిటీలోనే, అదే ముప్పైలలో, ఆండీ కర్క్ బ్యాండ్‌లో మేరీ లూ విలియమ్స్ పియానో వాయించేది, సంగీతం కూర్చేది. 1937లో మిసిసిపీలో మొదలైన ‘ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్’ పూర్తిగా ఆడవాళ్ళ బ్యాండే. దారి ఇరుకు అన్నది నిజం, అసలు లేదన్నది నిజం కాదు.

రెండోది, నాకు ముఖ్యమైనది. డెబ్బైల చివర్లో కీళ్ళనొప్పులతో వేళ్ళు వంగక టిప్టన్ వాయించడం మానేశాడు. అంటే పొట్టకూటి కారణం అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత ఇంకో పదేళ్ళు బతికాడు. ఆ పదేళ్ళూ ఎవరి కోసం వేషం? చూసే ప్రేక్షకులు లేరు, ఇచ్చే కాంట్రాక్టు లేదు. ట్రైలర్ ఇంట్లో, చేతిలో డబ్బు లేకుండా, తెల్లారి లేచి ఛాతీకి కట్టు కట్టుకోవడం మాత్రం ఆపలేదు. వేషమైతే ఏదో ఒక రోజు విప్పాలనిపిస్తుంది కదా.

బాబాయ్_బ్లూస్
మేరీ లూ సంగతి ఒప్పుకుంటాను, మర్చిపోయాను. కానీ పదేళ్ళ సంగతి అంత తేలిక కాదు కమలమ్మా. అప్పటికి ముగ్గురు కొడుకులు ‘డాడ్’ అని పిలుస్తున్నారు. అప్పుడు చెబితే ఇల్లు కూలిపోదా? భయం కూడా కారణమే కావచ్చు.

కమల_శాన్‌హొసే
కావచ్చు. భయం ఉండే ఉంటుంది. భయం ఉన్నంత మాత్రాన ఆ మనిషి లోపల స్త్రీ అని తేలదు కదా. మగవాడై ఉండి, ఆ సంగతి ఎవరూ నమ్మరని భయపడి కూడా ఉండవచ్చు.

మధురవాణి77
స్థానం నరసింహారావు గారిని ఎవరూ తలుచుకోలేదేం? సత్యభామ, చిత్రాంగి, మధురవాణి, రోషనార వేషాలతో ఆంధ్రదేశాన్ని ఊపేశారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామ నడక చూసి ఆడవాళ్ళే నేర్చుకున్నారని మా అమ్మ చెప్పేది. మనకి ఇది కొత్తేమీ కాదు కదా. వాళ్ళ జీవితచరిత్రల్లో ‘నటించింది’ అని ఎవరూ రాయరే.

గోదారిగట్టు
అది వేరు ఇది వేరు అక్కా. స్థానం వారు తెర పడగానే రంగు కడిగేసుకుని పంచె కట్టుకుని ఇంటికి వెళ్ళేవారు. చూసేవాళ్ళకి లోపల మగవాడని తెలుసు, తెలియడంలోనే ఆ కళ ఉంది. టిప్టన్‌కి స్టేజి మీదా అదే సూటు, కొడుకుల స్కూలు మీటింగులోనూ అదే సూటు.

మధురవాణి77
నిజమే. తేడా పడింది. పేరు మాత్రం మార్చుకోను, నాకు ఆ మధురవాణే ఇష్టం :)

స్వరలిపి
కమల గారూ, మీరు 1998లో వచ్చిన జీవితచరిత్ర చదివారా? డయాన్ మిడిల్‌బ్రూక్ రాసినది. నాకు దొరికిన పెద్ద ఆధారం అదొక్కటే.

కమల_శాన్‌హొసే
రెండుసార్లు చదివాను. ‘సూట్స్ మీ’ అని పేరు, ఆ సూటు అన్న మాట మీద శ్లేష. కింద ఉపశీర్షిక ‘బిల్లీ టిప్టన్ రెండు జీవితాలు’ అనే అర్థంలో ఉంటుంది. మిడిల్‌బ్రూక్ స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్, అంతకుముందు ఆన్ సెక్స్‌టన్ అనే కవయిత్రి జీవితం రాసి పేరు తెచ్చుకున్నారు. శ్రమ విషయంలో వంక పెట్టలేం. భార్యలుగా ఉన్నవాళ్ళనీ, తోటి వాద్యకారులనీ, బంధువులనీ వెతికి పట్టుకుని మాట్లాడారు. ఆ పని ఆవిడ చేయకపోతే ఈ రోజు మనకి గాసిప్ తప్ప ఏమీ మిగిలేది కాదు.

నా ఇబ్బంది ఆ ‘రెండు’ దగ్గర. ఆవిడ ఒకచోట ‘హి’, ఒకచోట ‘షి’ వాడతారు. స్టేజి మీదా లోకం ముందూ అతను, తలుపు వేసుకున్నాక ఆమె. అంటే మొదటి పేజీ తెరవకముందే తీర్పు అయిపోయింది: బయటిది నటన, లోపలిది నిజం. ఇక ఆ కళ్ళద్దాలతో ఏది చూసినా సాక్ష్యంలాగే కనిపిస్తుంది. రెనో ఉదంతమే తీసుకోండి. 1958లో నెవాడాలోని రెనోలో హాలిడే హోటల్ వాళ్ళు ట్రయోకి ఆస్థాన బ్యాండ్ ఉద్యోగం ఇస్తామన్నారు, అప్పట్లో పేరున్న పియానిస్టు లిబరాచీ కచేరీలకి ముందు వాయించే అవకాశం. టిప్టన్ వద్దని స్పోకేన్ వెళ్ళి, బుకింగులు చూసే ఏజెన్సీలో పనికి కుదిరి, వారానికోసారి వాయించుకున్నాడు. పేరు పెరిగితే గుట్టు బయటపడుతుందని భయపడి వదులుకున్నాడని మామూలుగా చెబుతారు.

పియానో_ప్రసాద్
నేను ఇరవై రెండేళ్ళు హోటళ్ళలో కీబోర్డు వాయించాను. గల్ఫ్‌లో పెద్ద హోటల్ నుంచి పిలుపు వస్తే వద్దన్నాను. ఇంట్లో పాప చిన్నది, రాత్రి రెండింటికి పని ముగించే బతుకు మీద విసుగు వచ్చేసింది. నా జీవితం ఎవరైనా రాస్తే ‘ఏదో దాచాడు’ అంటారా? నలభై మూడేళ్ళ వయసులో, ఇరవై ఏళ్ళకి పైగా కార్లలో ఊళ్ళు తిరిగిన మనిషి ఒకచోట కూర్చోవాలనుకోవడానికి గుట్టే ఉండక్కర్లేదు.

ఓరుగల్లు_వినయ్
ప్రసాదన్నా, ఈ ఒక్క పోస్టు చాలు. స్వరలిపి గారూ, దీన్ని వ్యాసంలో ఎట్లైనా పెట్టండి.

బాబాయ్_బ్లూస్
ప్రసాద్ గారు చెప్పింది బాగుంది, కానీ భయం అసలు కారణమే కాదని కూడా అనలేం. రెండూ కలిసి ఉండొచ్చు.

గోదారిగట్టు
మీరంతా సంగీతం గురించి మాట్లాడరేం? రికార్డులు విన్నవాళ్ళు ఉన్నారా?

పియానో_ప్రసాద్
విన్నాను. రెండూ పాత పాటలే, ‘స్వీట్ జార్జియా బ్రౌన్’ లాంటివి. టెడ్డీ విల్సన్ పద్ధతి బాగా ఒంటబట్టింది: కుడిచెయ్యి తేటగా, ముత్యాలు పేర్చినట్టు, ఎడమచెయ్యి అవసరానికి మించి మాట్లాడదు. సొంత ముద్ర తక్కువే. క్లబ్బులో జనం నాట్యం చేయడానికి వాయించిన చెయ్యి, మ్యూజియంలో పెట్టడానికి కాదు. ట్రయో సంతకం పాట ‘ఫ్లయింగ్ హోమ్’, అది కూడా గుడ్‌మన్ వరసలోనే. 1957లో ఆ రికార్డులు 17 వేలకు పైగా అమ్ముడయ్యాయి. చిన్న కంపెనీకి బాగా పోయినట్టే. గొప్ప జాజ్ మేధావి అని రాయకండి, మంచి పనివాడు అని రాయండి. పనివాడికి అది తక్కువ మెచ్చుకోలు కాదు.

శాంతి_సిస్టర్
నేను నర్సుని, ఎక్కడ అన్నది వద్దు. ఈ కథలో నన్ను పట్టుకున్నది చివరి భాగం. టిప్టన్‌కి కడుపులో పుండు పగిలి రక్తం పోతోంది. సిగరెట్లు బాగా తాగే మనిషి కాబట్టి ఊపిరితిత్తుల జబ్బేలే అనుకుని డాక్టర్ని పిలవనివ్వలేదు. పెప్టిక్ అల్సర్ సకాలంలో పట్టుకుంటే మందులతో తగ్గే జబ్బు, రక్తం పోతున్నా ఆస్పత్రికి చేరిస్తే చాలామందిని బతికించవచ్చు.

నా డ్యూటీలో ఒక రాత్రి ఒక పేషెంటు ఇలాగే కడుపు పట్టుకుని వచ్చారు. చొక్కా గుండీ విప్పనివ్వలేదు. డ్యూటీ డాక్టరు నలుగురి ముందు గట్టిగా ‘అసలు నువ్వు ఆడా మగా’ అని అడిగాడు. నేను స్క్రీన్ తెచ్చేలోపు ఆ మనిషి లేచి వెళ్ళిపోయారు. గేటు దాకా పరుగెత్తాను, దొరకలేదు. ఆ తర్వాత ఏమయ్యారో నాకు ఇప్పటికీ తెలియదు. ‘ఎంత బాగా దాచాడో’ అని జీవితచరిత్రలు ఆశ్చర్యపడే చోట నాకు ఆ గేటు గుర్తొస్తుంది.

మధురవాణి77
శాంతి గారూ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

కల్యాణి_ఆర్
నాకు ఎవరూ ఎత్తని మాట ఒకటి ఉంది. భార్యలు. చట్టప్రకారం పెళ్ళి లేకపోయినా ‘మిసెస్ టిప్టన్’ అని చెలామణి అయినవాళ్ళు ఐదుగురు. కారు ప్రమాదంలో పక్కటెముకలు విరిగాయని, కింది భాగం దెబ్బతిందని చెప్పి కట్లు కట్టుకుని ఏళ్ళ తరబడి కాపురం. ఆయన మగవాడే అనుకుందాం, నేను ఒప్పుకుంటాను. అయినా పక్కన పడుకున్న మనిషికి అబద్ధం చెప్పినట్టే కదా? పోయాక పత్రికలవాళ్ళు, టీవీ షోలవాళ్ళు ఆ ఆడవాళ్ళని పట్టుకుని ‘నీకు తెలియకుండా ఎలా ఉంటుంది’ అని అడిగారు. ఆ అవమానం వాళ్ళు మోశారు. ఆయన మీద జాలితో వాళ్ళని మర్చిపోతే నేను ఊరుకోను.

కమల_శాన్‌హొసే
కల్యాణి గారూ, మీతో పోట్లాడను. ఒక చిన్న సవరణ మాత్రం. ఎవరికీ తెలియదన్నది పూర్తిగా నిజం కాదు. 1934 నుంచి 1942 వరకు కలిసి ఉన్న మొదటి ఆవిడకి తెలుసు, ఓక్లహోమా రోజుల్లో తోటివాళ్ళు కొందరికీ తెలుసు. మేనత్తల వైపో ఏమో, వరసకి అక్కచెల్లెళ్ళు ఇద్దరు, వాళ్ళకి చివరిదాకా రెండు వైపులా తెలుసు. తర్వాత వచ్చినవాళ్ళకే చెప్పలేదు. ఎందుకు చెప్పలేదన్నది ఆయనతోనే పోయింది.

కల్యాణి_ఆర్
అదీ రాయండి మరి. మొదటావిడకి తెలిసి కూడా ఎనిమిదేళ్ళు ఉందంటే అది చిన్న విషయం కాదు.

పొద్దుతిరుగుడు
మూడు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని టెన్షన్. రాస్తున్నాను.

నేను ట్రాన్స్ మగవాణ్ణి. గుంటూరు దగ్గర పల్లె. వయసు ఇరవై తొమ్మిది. ఇక్కడ జరుగుతున్న ‘డు’, ‘ది’ చర్చ నాకు చర్చ కాదు, రోజూ నా ఇంట్లో జరిగేదే. అమ్మ ఫోనులో చుట్టాలతో మాట్లాడేటప్పుడు ‘ఇప్పుడే వచ్చింది’ అంటుంది. నేను గదిలోంచి వింటాను. రెండేళ్ళ క్రితం ఒకసారి ‘వచ్చిం...’ అని ఆగి, ‘వచ్చారు’ అంది. కొడుక్కి ఏ తల్లీ ‘వచ్చారు’ అనదు. అది నాకు ‘వచ్చింది’ కంటే ఎక్కువ తగిలింది. ఆ ‘రు’లో అమ్మ నన్ను పరాయివాణ్ణి చేసింది. అందుకే మూర్తి గారి సలహా చదివినప్పుడు గుండె కలుక్కుమంది. ఆయన మంచి మనసుతోనే అన్నారని తెలుసు.

మా నాయనమ్మ ఒక్కతే మొదటినుంచీ ‘ఏరా, అన్నం తిన్నావా’ అనేది. చిన్నప్పుడు ముద్దుకి అనేది, నేను చెప్పిన తర్వాత కూడా అలాగే కొనసాగించింది. ఆవిడకి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేకపోయింది.

2014లో సుప్రీంకోర్టు ఎవరి జెండర్ వాళ్ళే చెప్పుకోవచ్చని తీర్పు ఇచ్చింది. 2019 చట్టం కింద నేను గుర్తింపు కార్డు కూడా తీసుకున్నాను. అది పట్టుకుని ఒక ఆఫీసుకి వెళితే గుమస్తా కార్డు చూసి, నన్ను చూసి, ‘ఈవిడ పని చూడండి’ అన్నాడు. నాకు తీర్పు ఉంది, కార్డు ఉంది, మాట్లాడటానికి నోరు ఉంది. టిప్టన్‌కి మూడూ లేవు. చెప్పడానికి ‘ట్రాన్స్’ అన్న మాట కూడా ఆయన కుర్రతనంలో లేదు. ఉన్నదల్లా దాదాపు యాభై ఏళ్ళపాటు ప్రతి ఉదయం చేసిన ఒకే పని. అదే ఆయన చెప్పిన జవాబు అని నేను అనుకుంటాను. దాని మీద ఇంకొకరు ‘ది’ పెడితే, ఆయన జవాబు చెప్పాక కూడా మళ్ళీ అడిగినట్టు ఉంటుంది.

కల్యాణి గారి మాట సబబే. నాకు ప్రేమించిన అమ్మాయి ఉంది, తనకి మొదటి వారమే చెప్పాను. చెప్పే రోజుల్లో పుట్టాను కాబట్టి చెప్పగలిగాను.

రేడియో_మూర్తి
బాబూ, నా మాట నీకు బాధ కలిగించింది, క్షమించు. ‘రు’ అంటే ఎప్పుడూ పెద్దరికమే అనుకున్నాను. అది దూరం కూడా అవుతుందని అరవై ఎనిమిదేళ్ళకి తెలిసింది.

పొద్దుతిరుగుడు
అయ్యో, క్షమాపణ ఎందుకు తాతగారూ. మీరు ‘బాబూ’ అన్నారు, చాలు.

బాబాయ్_బ్లూస్
నేను కూడా ఒక మెట్టు దిగుతాను. పూర్తిగా ఒప్పుకోలేదు. ఆడవాళ్ళకి దారులు మూసేసిన ఆ కాలం గురించి వ్యాసంలో లేకపోతే అది కూడా అన్యాయమే. కానీ క్రియ సంగతి వరకు ‘వాయించాడు’ అని రాయండి, నాకు అభ్యంతరం లేదు.

ఓరుగల్లు_వినయ్
2020లో కెనడావాళ్ళు తీసిన ‘నో ఆర్డినరీ మ్యాన్’ అనే డాక్యుమెంటరీ చూసినోళ్ళు ఉన్నారా? అందులో ట్రాన్స్ నటులు వరసగా వచ్చి టిప్టన్ పాత్రకి ఆడిషన్ ఇస్తారు. ఒక్కొక్కరు ఒక్కో తీరుగ చేస్తారు, ఇదే అసలు టిప్టన్ అని ఎవరూ అనరు. కొడుకుల్లో ఒకాయన కూడా కనిపిస్తడు. తండ్రి పోయినంక జనం ఆ కుటుంబాన్ని వింతగా చూసిన్రు. ఇన్నేళ్ళకు, మీ నాన్న మాకు దారి చూపిండు అని చెప్పేటోళ్ళు ఎదురుగ కూర్చుంటే ఆయన మొహం చూడాలె. మిడిల్‌బ్రూక్ పుస్తకంలో ఆ మొహానికి చోటు లేదు. ఆమె 2007లోనే పోయింది, ఉంటే ఏమనేదో.

గోదారిగట్టు
ఒక చిన్న మాట. కొన్నిచోట్ల వ్యాసం మొదటి వాక్యంలోనే టిప్టన్ పుట్టినప్పటి పేరు పెడుతుంటారు. ఇక్కడ ఇంతమంది రాశారు, ఒక్కరు కూడా ఆ పేరు ఎత్తలేదు. అనుకోకుండా జరిగిందో, అనుకునే చేశారో తెలియదు. సంచికలో కూడా అలాగే ఉంచగలరా?

స్వరలిపి
ఉంచుతాను. ఆ పేరు లేకపోతే కథలో ఏ ముక్కా తగ్గడం లేదని రాసి చూసుకున్నాను.

రాత్రంతా కూర్చుని మొదటి పేరా మళ్ళీ రాశాను. పెడుతున్నాను, తప్పులు చెప్పండి.

“బిల్లీ టిప్టన్ 1914లో ఓక్లహోమా సిటీలో పుట్టాడు. కాన్సాస్ సిటీలో పియానో, శాక్సోఫోన్ నేర్చుకున్నాడు. పందొమ్మిదేళ్ళ వయసులో, ఆడపిల్లగా పెంచిన ఇంటినుంచి మగవాడి బట్టల్లో పనికి బయల్దేరాడు, కొన్నేళ్ళకి ఇంటా బయటా అవే బట్టలు. ఇరవై ఏళ్ళు ఊరూరా తిరిగి డాన్సు హాళ్ళలో వాయించాడు. టెడ్డీ విల్సన్‌ని విని నేర్చుకున్న చెయ్యి అతనిది. స్పోకేన్‌లో ఇల్లు కట్టుకుని ముగ్గురు పిల్లల్ని పెంచాడు, వాళ్ళ స్కౌట్ పనుల్లో తిరిగాడు. తనతో కాపురం చేసినవాళ్ళలో మొదటి ఆవిడకి తన శరీరం సంగతి తెలుసు, తర్వాత వచ్చినవాళ్ళకి చెప్పలేదు. ఆ తెలియనివాళ్ళు అతను పోయాక చాలా మాటలు పడ్డారు. 1989లో, డాక్టర్ని పిలవనివ్వకుండా, డెబ్బై నాలుగేళ్ళకి చనిపోయాడు.”

కల్యాణి_ఆర్
చివరినుంచి రెండో వాక్యానికి థాంక్స్.

పియానో_ప్రసాద్
‘ఇల్లు కట్టుకుని’ అంటే మేస్త్రీని పెట్టి కట్టించినట్టు ఉంది. ‘కాపురం పెట్టి’ అనండి. ‘పనివాడు’ అన్న మాట ఎక్కడైనా రావాలి.

శాంతి_సిస్టర్
డాక్టర్ని ఎందుకు పిలవనివ్వలేదో లోపలి పేజీల్లో వస్తుందా?

స్వరలిపి
వస్తుంది సిస్టర్. మీ గేటు సంగతి ఊరూ పేరూ లేకుండా వాడుకోవచ్చా?

శాంతి_సిస్టర్
వాడుకోండి.

పొద్దుతిరుగుడు
ఏడు ‘డు’లు ఉన్నాయా, ఎక్కువా? లెక్కపెడుతూ చదివాను, మధ్యలో లెక్క తప్పింది. సంచిక వచ్చాక ఒక కాపీ పోస్టులో పంపగలరా? నాయనమ్మకి కళ్ళు కనపడవు, చదివి వినిపించాలి.

స్వరలిపి
అడ్రసు మెసేజ్‌లో పంపు తమ్ముడూ. రెండు కాపీలు పంపుతాను.